టేకు గొంతులో ఈల

అబ్దుల్ గఫార్‌కి ఈ లోకంలో పడనివి రెండే రెండు. ఒకటి ఆరని చెక్క, రెండోది అవనిగడ్డ రత్నరాజు. ఆరని చెక్కనైతే అటక మీద పడేసి ఏడాదిపాటు మరిచిపోవచ్చు. రత్నరాజుని మాత్రం జనం మరిచిపోనివ్వరు.

"గఫార్ గారూ, మొన్న అవనిగడ్డ వెళ్ళామండీ. అక్కడ రత్నరాజని ఒకతను చెక్క హారన్లు భలే చేస్తున్నాడండీ" అనేవాడు వచ్చిన ప్రతివాడూ. వాళ్ళు వచ్చింది గఫార్ చేత హారన్లు చేయించుకోవడానికే. అయినా ఆ ముక్క చెప్పందే మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. "అలాగా, మంచిదే కదండీ" అనేవాడు గఫార్. అనేసి, ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచేవాడు.

గఫార్ వాళ్ళది బందరులో ఇనగుదురుపేట. ఇంటి వసారాయే పనిచోటు. తాతల నాటి వడ్రంగం, మంచాలూ బీరువాలూ చేసుకుంటూ ఉండేవాడు. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో మూతపడ్డ సినిమాహాల్లోంచి తెర వెనక ఉండే చెక్క హారన్ స్పీకరు ఒకటి విప్పుకొచ్చి, పగులు అతికించి ఇమ్మన్నారు. అతికించాడు. ఎలా ఉందో చూద్దామని దానికి పాట పెట్టి విన్నాడు. ఆ రోజుతో మంచాలు ఆగిపోయాయి. ఇప్పుడు పాత రికార్డుల పిచ్చి ఉన్నవాళ్ళకి హారన్ స్పీకర్లు చేసి ఇవ్వడమే అతని వృత్తి. టేకు పలకల్ని ఎనిమిది రేకులుగా కోసి, వంపు తీసి, అతికించి, చిత్రిక పట్టి, ఉమ్మెత్త పువ్వు విచ్చుకున్నట్టు తయారుచేస్తాడు. శబ్దం పుట్టించే యూనిట్‌ని సన్నటి కొసన బిగిస్తాడు. ఆ సన్నటి కొస పేరు గొంతు, వెడల్పాటి కొస పేరు నోరు. గొంతులో ఉలి ఒక్క నూలుపోగంత ఎక్కువ దిగిందా, నోట్లో మాట మారిపోతుంది.

చెక్కడం సగం పనే. మిగతా సగం శ్రుతి చేయడం. దానికి గఫార్ దగ్గరున్న పరికరం ఒక్కటే, భార్య రోషన్ బీ. ఆవిడ వంటింట్లో తలుపేసుకుని మైకు ముందు కూర్చుని ఆ నెల సరుకుల చీటీ చదువుతుంది. కందిపప్పు రెండు కిలోలు, చింతపండు కిలో, ఎండుమిర్చి అరకిలో. ఇతను వసారాలో హారన్ ముందు కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పాతికేళ్ళ కాపురం, ఆ గొంతు తనకి తెలియనిదా? హారన్లోంచి వచ్చేది అచ్చం రోషన్ బీ గొంతు అనిపించేదాకా గీకుతాడు, రుద్దుతాడు, గొంతు లోపల ఉన్ని ముక్కలు అతికిస్తాడు. అదయ్యాకే రికార్డు పెట్టడం.

మొగుడి చెవిన పడాలంటే పెళ్ళాం మైకులో చెప్పాల్సిన ఇల్లు బందరు మొత్తానికి ఇదొక్కటే అని పేటలో నవ్వుకునేవారు. ఆ నవ్వేవాళ్ళకి తెలియని సంగతి ఇంకోటి ఉంది. మైకులో చెప్పినా పడేది కాదు. చింతపండు ఎంత తెమ్మన్నాను అని ఆవిడ తరవాత అడిగితే గఫార్ తెల్లమొహం వేసేవాడు. మాటలు వినడం అతని పని కాదు, గొంతు వినడమే అతని పని.

ఇక ఆ రత్నరాజు సంగతి. చర్చికి బల్లలు చేసే కుర్ర వడ్రంగి, ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. ప్రార్థనల్లో పాస్టరు గారి మాట వెనకవాళ్ళకి అందడంలేదని ఒక హారన్ చేసిపెట్టాడు. అది నలుగురికీ నచ్చింది. నలుగురూ నలభైమందయ్యారు. ఫోనులో ఏదో పెట్టుకుని, శబ్దానికి గీత గీయించి, ఆ గీత తిన్నగా వచ్చేదాకా చెక్క తీస్తాడట. "చెవుల్లేనివాడికి ఫోనే చెవులు" అని గఫార్ వెటకారం చేసేవాడు.

వెటకారం చేస్తూనే ఒక ఆదివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా అవనిగడ్డ బస్సెక్కాడు. టోపీ తీసి జేబులో పెట్టుకుని, చర్చి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. లోపల పాస్టరు గారు మాట్లాడుతున్నారు. రోడ్డు మీద ట్రాక్టర్లు పోతున్నాయి. అంత రొదలోనూ ఒక్కొక్క మాటా నడుచుకుంటూ వచ్చి చెవి పక్కన నిలబడింది. గఫార్ చేతిలో టీ చల్లారిపోయింది. బాగుంది. బాగుందన్న సంగతి అతని చెవులకి తెలిసింది, కడుపుకి తెలిసింది. కడుపు భగ్గున మండింది. పులిగడ్డ వారధి దాటి ఇల్లు చేరేదాకా ఆ హారన్లో వంక కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకనందుకు మరింత మండింది.

అలాంటి సమయంలో గుడివాడ నుంచి యుగంధర్ ఫోను చేశాడు. రైసుమిల్లు ఆసామి. మిల్లు మేడ మీద హాలు కట్టించి, ఆదివారం ఆదివారం పాతిక మందిని పోగేసి పాత నాటకాల పద్యాలు వినిపిస్తాడు. ఆ హాల్లో ఏ హారన్ ఉంటే జిల్లాలో రికార్డులవాళ్ళందరికీ ఆ హారనే కావాలి. పన్నెండేళ్ళుగా అక్కడున్నది గఫార్ జతే.

"గఫార్ గారూ, పాత జత చెక్క విచ్చిందండీ. కొత్తవి పెడదామనుకుంటున్నాను. మీదొక జత, రత్నరాజుదొక జత పక్కపక్కన పెట్టి విందామని. మీరేమీ అనుకోకండేం."

"అబ్బే, ఎందుకనుకుంటానండీ" అన్నాడు గఫార్. అనుకోవాల్సినవన్నీ ఫోను పెట్టేశాక అనుకున్నాడు. పన్నెండేళ్ళ చోటు. అది పోతే తన పేరు ఇక ఇనగుదురుపేట గుమ్మం దాటదు. పోతే పోయింది, రత్నరాజుకి పోవడమేమిటి?

రెండు నెలలు కష్టపడి జత చేశాడు. ఎవరికి బాగా తెలిసిన శబ్దం వాళ్ళు ఫోనులో ఎక్కించి తెచ్చుకోమన్నాడు యుగంధర్. గఫార్ ఆలోచించాల్సిన పనేముంది? రోషన్ బీని మైకు ముందు కూర్చోబెట్టి సరుకుల చీటీ చదివించి ఎక్కించుకున్నాడు.

గుడివాడలో ఆ పొద్దున మిల్లు మేడ మీద హాల్లో పనివాళ్ళు నాలుగు హారన్లు వరసగా నిలబెట్టారు. రత్నరాజు వచ్చి గఫార్ చేతులు పట్టుకున్నాడు.

"బాబాయ్ గారూ, మీ హారన్లు చూసే నేను ఈ పనిలోకి వచ్చానండీ. ఇదే హాల్లో, ఆ మూల కూర్చుని విన్నాను."

గఫార్‌కి ఒళ్ళు మండింది. తిడితే తిట్టొచ్చు. ఇలా వినయంగా వచ్చేవాడిని ఏం చేయగలం? చేతులు వెనక్కి తీసుకుని "మంచిది నాయనా" అన్నాడు.

ముందు రత్నరాజు తెచ్చిన చర్చి హార్మోనియం వినిపించారు. రెండు జతల మీదా బాగానే పలికింది. యుగంధర్ తల అటూ ఇటూ ఊపాడు, ఎటూ తేల్చలేదు. తరవాత గఫార్ వంతు. అతని హారన్లలోంచి రోషన్ బీ గొంతు మెత్తగా, నున్నగా వచ్చింది. కందిపప్పు రెండు కిలోలు, చింతపండు కిలో. యుగంధర్ కళ్ళు మూసుకున్నాడు. "కందిపప్పులో కూడా ఇంత సంగీతం ఉందాండీ!" అన్నాడు. గఫార్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది.

అదే చీటీ రత్నరాజు హారన్లలో పెట్టారు. రోషన్ బీ ఒక్కసారిగా హాల్లోకి నడిచి వచ్చింది. నాలుక పళ్ళకి తగలడం వినిపించింది. చేతిగాజు మైకు స్టాండుకి టింగుమని కొట్టుకోవడం వినిపించింది. కాగితం తిప్పడం వినిపించింది. ఓడిపోయాననుకున్నాడు గఫార్. అంతలో చింతపండు కిలో అన్నాక, మాట చివర, సన్నగా ఒక ఈల. ఎండుమిర్చి అరకిలో, మళ్ళీ ఈల.

గఫార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ ఈల అతనికి పాత చుట్టమే. రెండేళ్ళుగా ఏ హారన్ చేసినా శ్రుతి దగ్గర అది వచ్చి పీడించేది. చెక్క మంచిది కాదనుకున్నాడు, గమ్ము కల్తీదనుకున్నాడు, సముద్రపు గాలి అనుకున్నాడు. ఆఖరికి హారన్ గొంతులో ఉన్ని మందంగా వేస్తే పోతుందని కనిపెట్టాడు. ఆ విద్య ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఈ ఫోను పంతులికి అది తెలియదు!

"విన్నారాండీ?" అన్నాడు గొంతు పెంచి. "ఈల! గొంతు దగ్గర అతుకు సరిగా లేదు. గాలి తన్నుకొస్తోంది. నా దాంట్లో వచ్చిందా? రాలేదే!"

యుగంధర్ మొహం చిట్లించాడు. "అవునండోయ్, ఈల వస్తోంది."

రత్నరాజు వెళ్ళి హారన్ నోట్లో చెయ్యి పెట్టి అతుకులు తడిమాడు. తన హార్మోనియం మళ్ళీ పెట్టాడు. ఈల లేదు. యుగంధర్ రికార్డు ఒకటి పెట్టించాడు. పద్యం చివర ఎంత రాగం తీసినా ఈల లేదు. మళ్ళీ సరుకుల చీటీ పెట్టాడు. ఉంది. రత్నరాజు హారన్ దగ్గర వంగి రెండు సరుకులు విన్నాడు. లేచి గఫార్ వైపు తిరిగాడు.

"బాబాయ్ గారూ, ఇది అతుకులో ఈల కాదండీ. పిల్లికూత. పిన్ని గారికి ఆయాసం ఉందాండీ?"

గఫార్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా భార్య ఊపిరి సంగతి నువ్వు చెప్తావా? ఆవిణ్ణి ఎప్పుడన్నా చూశావా నువ్వు?"

"చూడలేదండీ. మా అమ్మ వీరమ్మకి పదేళ్ళుగా ఉంది. చంటిపిల్లాడి ఏడుపు తల్లికి తెలిసినట్టు ఆ కూత నాకు తెలుసండీ. మా అమ్మని బందరులోనే ఒక డాక్టరు గారు చూస్తారు. ఆయన నెంబరు ఇస్తాను..."

"నీ నెంబరు నీ దగ్గరే ఉంచుకో."

యుగంధర్ మధ్యలోకి వచ్చాడు. మిల్లు నడిపే మనిషి, తగువు ఎక్కువసేపు నిలవనివ్వడు. "ఉండండి, ఉండండి. నేను ఆవిడ గొంతు ఎరగను, రత్నరాజు ఎరగడు. ఎరిగినవారు మీరొక్కరే. మీరే చెప్పండి గఫార్ గారూ, ఈ రెండిట్లో ఏది మీ ఆవిడ? ఏది అంటే ఆ జతే ఉంచుతాను."

హాలంతా గఫార్ నోటివైపు చూసింది. ఆ క్షణంలో అతనికి తెలుసు. గాజు టింగుమన్నప్పుడే తెలుసు. రత్నరాజు హారన్లోంచి వచ్చిన మనిషి రోషన్ బీ, తన హారన్లో వచ్చింది పాతికేళ్ళ కిందటి పెళ్ళికూతురు. తెలిసి కూడా చెయ్యెత్తి తన హారన్లవైపు చూపించాడు.

"ఇదే."

"అయిపోయింది. పెళ్ళాం ఎవరో మొగుడికంటే మనకెక్కువ తెలుసా!" అని నవ్వేశాడు యుగంధర్. రత్నరాజు తన హారన్లని గోనెపట్టాల్లో చుట్టి ట్రాలీ ఆటోలోకి ఎక్కించుకున్నాడు. వెళ్ళేముందు "ఉంటాను బాబాయ్ గారూ" అని కూడా అన్నాడు. మనిషన్నవాడికి కాస్తయినా కోపం ఉండొద్దూ?

మధ్యాహ్నం బండికి గఫార్ బందరు బయల్దేరాడు. గెలిచాడు. గెలుపు నోట్లో వేసుకుంటే చప్పగా ఉంది. కౌతారం దాటింది, పెడన దాటింది. ఒకటే మాట లోపల తిరుగుతోంది. పాతికేళ్ళ కాపురం నాది. వాడికి పట్టింది ఒక్క నిమిషం. నా ఇంట్లో మనిషి ఊపిరి, నేను వినకుండా వాడెలా విన్నాడు? ఇన్నాళ్ళూ వాడి హారన్ చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు వాడి చెవులు చూసి కుళ్ళుకుంటున్నాడు. ఇది అంతకంటే చేదుగా ఉంది. పైగా ఇంకో భయం కూడా మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. వాడన్నది నిజమైతే?

ఇంటికి చేరేసరికి సాయంత్రపు అసర్ నమాజు అయిపోయింది. రోషన్ బీ వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ ఇంట్లో మాటలు ఉర్దూలోనే సాగుతాయి. మనం చెప్పుకునేది తెలుగు కథ కాబట్టి తెలుగులోనే విందాం.

"ఏమైందండీ?"

"మన జతే ఉంచుకున్నారు."

ఆవిడ మొహం వెలిగింది. చేట పక్కన పెట్టి లేవబోయింది. "టీ పెట్టనా?"

"వద్దు. ఆ సరుకుల చీటీ తీసి ఒకసారి చదువు."

"మళ్ళీనా? సరే, మైకు తెస్తానుండండి."

"మైకు వద్దు. ఇక్కడే, నా ఎదురుగా కూర్చుని చదువు."

ఆవిడ అతన్ని వింతగా చూసి, గూట్లోంచి చీటీ తీసి చదివింది. కందిపప్పు రెండు కిలోలు. చింతపండు కిలో. వచ్చింది ఈల. ఎండుమిర్చి అరకిలో. మళ్ళీ వచ్చింది. టేకు లేదు, గమ్ము లేదు, సముద్రపు గాలి లేదు. గఫార్ లేచి వెళ్ళి, చెక్క బోలుగా ఉందేమో చూడటానికి చెవి ఆనించినట్టు ఆవిడ వీపుకి చెవి ఆనించాడు.

"అయ్యో, ఏమిటిది! వీధి తలుపు తీసుంది" అని ఆవిడ సిగ్గుపడింది. అతను కదల్లేదు. లోపల ఒకటి కాదు, నాలుగైదు ఈలలు ఒకదాని మీద ఒకటి పడి కూస్తున్నాయి.

"ఎన్నాళ్ళుగా ఇది?"

"రెండేళ్ళు దాటింది."

"నాతో చెప్పలేదేం?"

"మొదట్లో చెప్పానండీ. ఊఁ అన్నారు." ఆవిడ చీటీ మడత పెడుతూ ఆగింది. "తరవాత చెప్పాలని లేకపోయింది. నేను చదివి బయటికి వచ్చేసరికి మీరు వసారాలోంచి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఈల పోయింది రోషన్, ఈల పోయింది అని. అంత సంబరంగా ఉండేవాళ్ళు. నాలో పోలేదండీ అని ఎలా చెప్పను?"

గఫార్ ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆవిడ మాత్రం అతని మొహంలోకి చూస్తూ మెల్లగా నవ్వింది. పెళ్ళయిన కొత్తలో నవ్విన నవ్వు అది. "పోనీలెండి. ఇన్నాళ్ళకైనా మీకు వినిపించింది. నాకదే చాలు. ఎలా పట్టుకున్నారు?"

ఆ నవ్వు తనకి కావాలి. ఒక్క అబద్ధం ఆడితే అది తనదే. పొద్దున్న ఒకటి ఆడి హాలు గెలిచాడు, ఇప్పుడింకొకటి ఆడితే ఇల్లు కూడా గెలిచినట్టే. రత్నరాజు అన్న మాట ఆవిడకి తెలియనే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. "నేనే విన్నాను" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు వినిపించలేదు" అన్నాడు. "అవనిగడ్డ రత్నరాజుకి వినిపించింది."

ఆవిడ నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. అది పోవడం అతను కూర్చుని చూశాడు.

"మరి ఆయన ఏం చేయమన్నారు?"

"డాక్టరు నెంబరు ఇస్తానన్నాడు. నేనే తీసుకోలేదు."

"ఎందుకు?"

"కుళ్ళు" అన్నాడు గఫార్. ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

ఫోను తీసి యుగంధర్‌కి చేశాడు. ఆవిడ వింటుండగానే చెప్పాడు. "యుగంధర్ గారూ, పొద్దున్న నేను చెప్పింది అబద్ధమండీ. ఈల వచ్చిందే, అదే మా ఆవిడ. మీ హాల్లో ఉండాల్సింది రత్నరాజు జత. నా జత రేపొచ్చి తీసుకెళ్తాను. అతని నెంబరొకటి ఇప్పించండి." అవతల యుగంధర్ ఏదో అడుగుతున్నాడు. గఫార్ నెంబరు రాసుకుని పెట్టేశాడు.

రత్నరాజు మొదటి మోతకే ఎత్తాడు. ఎత్తగానే "పిన్ని గారికి ఎలా ఉందండీ?" అన్నాడు. హారన్ ఏమైంది అని అడగలేదు. అడిగి ఉంటే గఫార్‌కి ఎంతో ఊరటగా ఉండేది.

"నువ్వన్నదే నిజం. ఆ డాక్టరు నెంబరు చెప్పు నాయనా."

"చెప్తానండీ. ముందు పిన్ని గారికి ఒకసారి ఫోనిస్తారా? అమ్మకి జరిగినట్టే జరుగుతోందేమో అడిగి చూస్తాను."

గఫార్ ఫోనిచ్చాడు. ఇస్తూ స్పీకర్ నొక్కి మరీ ఇచ్చాడు. అంత జరిగినా, తను వినకుండా వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అతని వల్ల కాలేదు.

రోషన్ బీ ముందు మొహమాటపడింది, తెలుగులోకి తిరిగింది. పడుకుంటే ఎక్కువవుతుందా పిన్ని గారూ అని అతనడిగాడు. అవునయ్యా, రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటేగానీ ఊపిరి ఆడదు అంది. మెట్లెక్కితే? మెట్లు మానేసి ఏడాదయింది, దాబా మీద బట్టలు పక్కింటి అమ్మాయి ఆరేసిపెడుతోంది. దుమ్ముకి? రంపం ఆడిన రోజు మరీనూ, వంటింట్లో కొంగు ముక్కుకి కట్టుకుంటాను. చదివేటప్పుడు? మూడు సరుకులకోసారి ఆగుతాను బాబూ, ఆపింది తెలియకుండా కాగితం తిప్పుతాను. అడిగేవాడు అడుగుతున్నాడు, ఆవిడ చెబుతోంది. ఇరవై నిమిషాలు చెప్పింది. గఫార్‌తో ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడిన రోజు ఏదని వెతుక్కుంటే అతనికి గుర్తుకు రాలేదు. రత్నరాజు మీద కడుపు మండుతూనే ఉంది. మండుతున్న కడుపుతోనే రెండడుగుల దూరంలో కూర్చుని, మొదటిసారి గొంతు వదిలేసి మాటలు విన్నాడు. వాటిలో ఒక్కటి కూడా అతను అంతకుముందు విన్నది కాదు.